ఇరవయ్యారు తుపాకులు, రెండువేల అయిదువందల తూటాలు

పిల్లలూ! అల్లూరి సీతారామరాజు పేరు విననివారు మీలో ఎవరూ వుండరు. ఆయన కథను మీరు సాంఘికశాస్త్రం పుస్తకంలో చదివారు, సినిమాలో చూశారు, ఆగస్టు 15న బడిలో ఏకపాత్రాభినయం కూడా చేసి వుంటారు. మరి సీతారామరాజుకూ సైన్సు మాస్టారికీ సంబంధం ఏమిటంటారా? ఆ సంబంధం కలిపింది నేను కాదు, మా తొమ్మిదో తరగతి కుర్రవాడు.

మాది అరకు లోయలోని బడి. ఒకరోజు శక్తి పాఠం చెబుతున్నాను. పైకి విసిరిన రాయి, వంచిన విల్లు, పేలిన తుపాకి, ఇలా ఉదాహరణలు వరసగా వస్తున్నాయి. వెనక బెంచీలోంచి చింతపల్లి వైపు నుంచి వచ్చిన పిల్లవాడొకడు లేచి నిలబడ్డాడు.

"మాస్టారూ! రాజుగారు పోలీసు ఠాణాల నుంచి తుపాకులు తెచ్చారు కదా. మరి తూటాలు అయిపోతే ఎవరు తయారుచేసి ఇచ్చేవారు?"

తరగతి అంతా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఇన్నేళ్ళుగా ఆ కథ చెబుతున్నాను. నాకెప్పుడూ తోచని ప్రశ్న అది. ఇంటికి వెళ్ళి, చరిత్ర పుస్తకాలు ముందేసుకుని, కాగితం మీద లెక్కలు వేశాను. ఆ లెక్కలే ఈ పాఠం.

కొండల్లో అంతకుముందు ఏం వుండేవి?

తూర్పు కనుమల్లోని గిరిజనులు 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక తమ అడవిలోనే తాము దొంగలైపోయారు. పోడు కొడితే నేరం, పుల్ల విరిస్తే నేరం. ఆపైన గూడెం ప్రాంతానికి డిప్యూటీ తాసిల్దారుగా వచ్చిన బాస్టియన్ నర్సీపట్నం నుంచి కొండల మీదికి రోడ్డు వేయిస్తూ కూలివాళ్ళ చేత వెట్టి చేయించాడు. అతను చేసిన అన్యాయాలకు గురైనవారిలో గాం గంటందొర, గాం మల్లుదొర అనే అన్నదమ్ములు వున్నారు. 1922లో సీతారామరాజు వెంట నడిచిన ముఖ్యుల్లో వీళ్ళిద్దరూ ఒకరు. మల్లుదొర శిక్ష అనుభవించి బయటికి వచ్చి, 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాడు కూడా. ఆ కథ వేరే చెప్పుకోవాలి.

ఈ మనుషుల దగ్గర ఆయుధాలు ఏమున్నాయి? విల్లంబులు, గొడ్డళ్ళు, కత్తులు. కొందరి దగ్గర వేటకు వాడుకునే నాటు తుపాకులు. 1878లో ఆయుధాల చట్టం వచ్చాక లైసెన్సు లేనిదే తుపాకి వుంచుకోరాదు. డబ్బా, ఎవరి దగ్గరా లేదు. పండిన సామలూ రాగులూ సంవత్సరం పొడుగునా తిండికే చాలవు. అటువంటి వాళ్ళు ఒక సామ్రాజ్యంతో యుద్ధానికి దిగితే ఆయుధాలు ఎలా సమకూర్చుకోవాలి? కొనటానికి అంగడి లేదు, చేయటానికి కార్ఖానా లేదు. మిగిలిన దారి ఒకటే. ఎవరి దగ్గర వున్నాయో వాళ్ళ దగ్గర నుంచే తీసుకోవటం.

మూడు రోజులు, మూడు ఠాణాలు

1922 ఆగస్టు 22న సుమారు 300 మందితో సీతారామరాజు చింతపల్లి పోలీసు ఠాణా మీద పడ్డాడు. అక్కడ 11 తుపాకులు, 1390 తూటాలు, 5 కత్తులు, 14 బాయొనెట్లు దొరికాయి. మర్నాడు, ఆగస్టు 23న, కృష్ణదేవిపేట ఠాణా. అక్కడ 7 తుపాకులు, కొంత మందుగుండు. ఆ మర్నాడు, ఆగస్టు 24న, రాజవొమ్మంగి. అక్కడ 8 తుపాకులు, 825 తూటాలు. ఆ ఠాణాలో బందీగా వున్న వీరయ్యదొరను కూడా విడిపించుకుని పోయారు.

చింతపల్లిలో ఒక విచిత్రం జరిగింది. తీసుకున్న వస్తువులన్నిటినీ ఠాణా రికార్డు పుస్తకంలో రాసి, కింద సీతారామరాజు సంతకం చేసి మరీ వెళ్ళాడని చెబుతారు. ఈ సంగతి చెప్పినప్పుడల్లా మీవంటి పిల్లలు చప్పట్లు కొడతారు. ధైర్యమే, కాదనను. కానీ సరుకు రిజిష్టరు రాసే అలవాటున్న నా వంటి వాడికి అందులో ఇంకొకటి కనబడుతుంది. మా బడి ప్రయోగశాలలో పరీక్షనాళికలు ఎన్ని వున్నాయో ఏటా లెక్క రాస్తాను. ఎన్ని వున్నాయో తెలియనివాడు ఎన్ని పగలగొట్టవచ్చో కూడా తెలుసుకోలేడు. తన దగ్గర ఎన్ని తూటాలున్నాయో ఆ నాయకుడికి మొదటి రోజునుంచే తెలుసునన్నమాట.

మొత్తం కూడండి. 11, 7, 8 కలిపితే 26 తుపాకులు. తూటాలు అన్నీ కలిపి 2500 పైచిలుకు. మన లెక్కకు 2500 అనుకుందాం.

తూటాలో ఏముంది?

ఇక్కడ కాస్త ఆగి, తూటా అంటే ఏమిటో తెలుసుకుందాం. నాటు తుపాకిలో మందును వేరేగా, గుండును వేరేగా గొట్టం మూతిలోంచి పోసి, కడ్డీతో కూరుతారు. వెనకవైపు నిప్పు అంటిస్తే మందు మండి, వాయువులుగా మారి, ఒక్కసారిగా వ్యాకోచించి గుండును బయటికి నెడుతుంది. ఒక్కసారి పేల్చి మళ్ళీ కూరుకునేసరికి అడవిపంది కొండ దాటి పోతుంది. వానలో మందు తడిస్తే అసలు పేలదు.

పోలీసు తుపాకి సంగతి వేరు. అందులో వాడే తూటా ఒక చిన్న పొట్లం వంటిది. ఇత్తడి తొడుగు, అందులో మందు, ముందువైపు సీసపు గుండు, వెనకవైపు అడుగున చిటికెడు సూక్ష్మ విస్ఫోటకం. తుపాకిలోని సూది వెళ్ళి ఆ అడుగున కొట్టగానే చిటికెడూ అంటుకుంటుంది, అది లోపలి మందును అంటిస్తుంది. ఇత్తడి తొడుగు వుంది కనుక తడి అంత తేలిగ్గా లోపలికి పోదు. ఒకటి పేల్చి, ఖాళీ తొడుగు తీసేసి, ఇంకొకటి పెట్టటానికి కొద్ది క్షణాలు చాలు.

ఇంతకు ఇంతా చిక్కు కూడా అందులోనే వుంది. నాటు తుపాకికి మందును ఎలాగో సంపాదించుకోవచ్చు, గుండుగా ఇనుపముక్కలు కూడా వేసుకోవచ్చు. పోలీసు తూటాకు మాత్రం ఇత్తడిని వెంట్రుకవాసి తేడా లేకుండా సాగదీసే యంత్రం కావాలి, ఆ చిటికెడు రసాయనం చేసే కర్మాగారం కావాలి. అవి మన్యంలో లేవు. ఇంకో సంగతి, ఒక రకం తూటా మరో రకం తుపాకిలో పట్టదు. తాళం, తాళంచెవి వంటిదే ఇది.

మా కుర్రవాడి ప్రశ్నకు సగం జవాబు వచ్చేసింది. తూటాలు ఎవరూ తయారుచేసి ఇవ్వలేదు. ఇవ్వటం సాధ్యం కాదు.

బాణానికీ తూటాకూ పోటీ

అయితే ఇంత అవస్థ ఎందుకు, విల్లు వుందిగా అంటారేమో. గతిజశక్తి సూత్రం మీకు తెలుసు: ద్రవ్యరాశిని వేగం వర్గంతో గుణించి, అందులో సగం తీసుకోవాలి. 40 గ్రాముల బాణం సెకనుకు 40 మీటర్ల వేగంతో పోతోందనుకోండి. దాని శక్తి 32 జౌళ్ళు. అప్పటి బ్రిటిషు సైన్యం వాడిన పాయింట్ 303 రైఫిలు గుండు బరువు సుమారు 11 గ్రాములే. కాని దాని వేగం సెకనుకు దాదాపు 740 మీటర్లు. శక్తి సుమారు 3000 జౌళ్ళు. బాణానికి తొంభై రెట్లకు పైన! బరువు నాలుగోవంతుకు దగ్గర, శక్తి మాత్రం తొంభై రెట్లు. వేగాన్ని వర్గం చేయటంలోని మహిమ అది.

కనుక దూరాన నిలబడి ఎదురెదురుగా పోరాడితే విల్లుకు అవకాశం లేదు. కాని విల్లుకు ఒక గుణం వుంది. వెదురు కొండమీదే వుంది. చాలాచోట్ల నారి కూడా వెదురు బద్దే. విసిరిన బాణం దొరికితే మళ్ళీ వాడుకోవచ్చు, విరిగితే సాయంత్రానికి ఇంకోటి చెక్కుకోవచ్చు. ఒకటి బలమైనది, తరిగిపోయేది. రెండోది బలహీనమైనది, తరగనిది. బీద సైన్యానికి ఈ రెండింటిలో ఏది ఎక్కడ వాడాలో తెలియటమే పెద్ద చదువు.

ఇక కూర్చుని లెక్క వేద్దాం

2500 తూటాలను 26 తుపాకులకు పంచండి. తుపాకికి సుమారు 96 వస్తాయి. చాలా అనిపిస్తోంది కదూ? ఒక్కో తూటా 25 గ్రాములనుకుంటే (పాయింట్ 303 తూటా సుమారు అంతే వుండేది) మొత్తం అరవైరెండున్నర కిలోలు. ఇద్దరు మనుషులు రెండు కావిళ్ళతో ఆ సంపద అంతా మోసుకుపోగలరు. ఒక ఉద్యమం అగ్నిబలమంతా రెండు కావిళ్ళు!

మొదటి దాడి జరిగింది 1922 ఆగస్టు 22న. ఆ ఏడాది డిసెంబరు 6న పెద్దగడ్డపాలెం దగ్గర సీతారామరాజు దళానికి మొదటి పెద్ద దెబ్బ తగిలింది. మనుషులనూ ఆయుధాలనూ పోగొట్టుకున్నారు. ఈ రెండు తేదీల మధ్య 106 రోజులు. 2500ను 106తో భాగించండి. రోజుకు 23 కంటె కొంచెం ఎక్కువ. తుపాకులేమో 26. అంటే రోజుకు తుపాకికి ఒక్క తూటా కూడా లేదు.

సీతారామరాజు 1924 మే 7న కొయ్యూరులో ప్రాణాలు విడిచాడు. మొదటి దాడినుంచి ఆ రోజు వరకు 624 రోజులు. (1924 లీపు సంవత్సరం, ఫిబ్రవరికి 29 రోజులు లెక్కించటం మరవకండి. మా తరగతిలో సగంమంది అక్కడే తప్పారు.) ఈ 2500 తూటాలతోనే అన్ని రోజులూ నెట్టుకు రావాలంటే రోజుకు నాలుగు. మొత్తం దళానికి నాలుగు!

అవతలివాళ్ళ సంగతి చూడండి. మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటిషు సైన్యం వాడిన లూయిస్ గన్ అనే మరతుపాకి నిమిషానికి 500 తూటాలకు పైగా పేల్చగలదు. సీతారామరాజు మూడు ఠాణాల్లో సంపాదించినదంతా ఆ యంత్రానికి అయిదు నిమిషాల మేత.

మరి గురి నేర్చుకోవటం ఎలా? తుపాకి పట్టిన కొత్తవాడు గురి కుదిరేదాకా కనీసం ఇరవైసార్లయినా పేల్చాలనుకుందాం. 26 మందికి 520 తూటాలు. వున్నదాంట్లో అయిదోవంతు చెట్ల మీదికి పోయింది. నేర్పకపోతే యుద్ధంలో వృథా, నేర్పితే ముందే వృథా. ఏ దేశపు సైన్యాధికారినైనా అడగండి, ఇదే చిక్కు చెబుతాడు. డబ్బు తక్కువ పడినప్పుడు అందరి చెయ్యీ ముందుగా కోతపెట్టేది సాధన మీదే. ఎందుకంటే తుపాకి కళ్ళకు కనబడుతుంది. సాధన కనబడదు.

దామనపల్లి కనుమ

ఇంత కొద్ది తూటాలతో గెలవటం ఎలా? 1922 సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో జరిగినది చూడండి. ఇరుకు దారి, ఇరువైపులా గుబురు అడవి. పోలీసు దళం ఒకరి వెనక ఒకరుగా నడవాలి తప్ప వేరే దారి లేదు. సీతారామరాజు మనుషులు చెట్ల చాటున కదలకుండా వున్నారు. ముందు నడుస్తున్న భారతీయ పోలీసులను పోనిచ్చారు. వెనక వస్తున్న తెల్ల అధికారులు స్కాట్ కవర్డ్, హైటర్ దగ్గరికి వచ్చాక పేల్చారు. ఇద్దరూ అక్కడే చనిపోయారు.

భారతీయుల మీద చెయ్యి చేసుకోకూడదన్నది సీతారామరాజు నియమం. అది ధర్మం. అదే సమయంలో అది పొదుపు కూడా అయిందని నా వుద్దేశం. దూరాన్నుంచి నూరుమంది మీద నూరు తూటాలు పేల్చటానికీ, దగ్గరినుంచి ఇద్దరి మీద నాలుగు పేల్చటానికీ ఎంత తేడా! దూరం తగ్గితే గురి తప్పటం తగ్గుతుంది. లోయ ఇరుకైతే ఎదుటివాడి బలగం పనికిరాదు. డబ్బుతో కొనలేని దాన్ని ఆ కొండే సమకూర్చింది.

తుప్పు అనే శత్రువు

ఆగస్టు అంటే మన కొండల్లో నడి వానాకాలం. గెడ్డలు పొంగుతాయి, దారులు తెగుతాయి, పోలీసులకు సహాయం అందటం ఆలస్యమవుతుంది. ఆ మేరకు వాన గిరిజనుల పక్షమే. కాని అదే వాన తుపాకి గొట్టంలోకి కూడా దిగుతుంది.

ఇనుము, నీరు, గాలిలోని ఆక్సిజన్, ఈ మూడూ కలిస్తే తుప్పు. ఇది మీకు తెలిసిందే. కాని తుపాకికి ఇంకో రోగం వుంది. ఆ రోజుల్లో తూటా అడుగున పెట్టే సూక్ష్మ విస్ఫోటకంలో పొటాషియం క్లోరేటు వుండేది. అది మండాక పొటాషియం క్లోరైడు మిగులుతుంది. అంటే మన తినే ఉప్పుకు దగ్గరి చుట్టం. ఉప్పు డబ్బా మూత తీసి వుంచితే వానాకాలంలో ఏమవుతుంది? చెమ్మగిల్లుతుంది. పేల్చిన తుపాకి గొట్టంలో ఈ ఉప్పు పొర వుండిపోతే, అది గాలిలోని తేమను పట్టి ఉక్కును తినేస్తుంది.

చాలామంది అనుకుంటారు, నూనె పూస్తే చాలునని. చాలదు. ఉప్పు నూనెలో కరగదు కదా! నీటిలో కరుగుతుంది. అందుకే బ్రిటిషు సైనికులు పేల్చటం అయ్యాక గొట్టంలో మరిగే నీళ్ళు పోసి కడిగేవారు. వేడికి గొట్టం తనంతట తానే ఆరిపోతుంది. ఆ తర్వాతే నూనె. తుప్పు పట్టకుండా వుండటానికి ఇనుమును నీళ్ళతో కడగటం! సంగతి తెలియనివాడికి ఇది పిచ్చిపనిలా కనబడుతుంది.

దీన్ని మీరు చేసి చూడవచ్చు. నాలుగు పరీక్షనాళికలు (లేదా గాజు సీసాలు), నాలుగు కొత్త మేకులు తీసుకోండి. మొదటి దానిలో మామూలు నీళ్ళు సగం పోసి మేకు వేయండి. రెండో దానిలో ఉప్పునీళ్ళు. మూడో దానిలో బాగా మరిగించి చల్లార్చిన నీళ్ళు పోసి పైన నూనె పొర వేయండి, గాలి లోపలికి పోకుండా. మా బడిలో వలిసెల నూనె వాడాం, మీకు దొరికిన నూనె వాడుకోండి. నాలుగో మేకును ఉప్పునీటిలో ముంచి తీసి, కడగకుండానే నూనె పూసి, తేమగా వున్న చోట ఖాళీ సీసాలో వుంచండి. పదిహేను రోజులపాటు రోజూ చూసి రాసుకోండి. ముఖ్యంగా ఆ నాలుగో మేకును విడవకండి.

గుణకారం నేర్పే పాఠం

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఒక సైన్యం దగ్గర నూరు తుపాకులు వున్నాయంటే, యుద్ధానికి నూరు తుపాకులు సిద్ధంగా వున్నట్టేనా?

తుపాకి పనిచేయాలి. దానికి తగిన తూటా వుండాలి. పట్టుకునే మనిషి లేచి నిలబడగలిగి వుండాలి. ఈ మూడింటిలో ఏది లేకపోయినా మిగతా రెండూ వృథా. అందుకని వీటిని కూడకూడదు, గుణించాలి. పదింట తొమ్మిది తుపాకులు బాగున్నాయి, పదింట తొమ్మిదికి తూటాలున్నాయి, పదిమందిలో ఆరుగురే ఆరోగ్యంగా వున్నారనుకోండి. ఇవి నేను ఊహించిన అంకెలే. నూరును పదింట తొమ్మిదితో, మళ్ళీ పదింట తొమ్మిదితో, తర్వాత పదింట ఆరుతో గుణిస్తే సుమారు 49. అంటే సగం తుపాకులు లెక్కలోనే వున్నాయి, చేతిలో లేవు.

ఆ సైన్యానికి కొంచెం డబ్బు దొరికింది. ఆ డబ్బుతో ఇంకో 10 తుపాకులు కొన్నారు. లెక్క మళ్ళీ చేయండి. 110కి సుమారు 53 వస్తుంది. నాలుగే పెరిగాయి. అదే డబ్బు మందులకూ దోమతెరలకూ పెట్టి, పదిమందిలో ఎనిమిదిమంది ఆరోగ్యంగా వుండేట్టు చేశారనుకోండి. అప్పుడు సుమారు 65! ఒక్క తుపాకి కొనకుండా పదహారు తుపాకులు పెరిగాయి.

దోమతెరలు అని ఊరికే అనలేదు. మన్యపు జ్వరం అంటే పోలీసులు హడలిపోయేవారు. మైదానాల నుంచి వచ్చిన సిపాయిలు మలేరియాతో మంచం పట్టేవారు. మలేరియాను దోమలు మోస్తాయని రొనాల్డ్ రాస్ మన సికింద్రాబాదులోనే, 1897 ఆగస్టు 20న, కనిపెట్టాడు. సీతారామరాజు పుట్టింది కూడా ఆ ఏడాదే, జూలై 4న. గిరిజనులకు జ్వరం రాదని కాదు. పుట్టినప్పటినుంచీ ఆ జ్వరంతోనే పెరిగిన శరీరాలు కొంత తట్టుకునేవి.

ఈ గుణకారం ఒక్క తుపాకులకే కాదు. 1971లో మన నౌకాదళపు విమానవాహక నౌక విక్రాంత్‌ను తీసుకోండి. దాని బాయిలర్లలో ఒకదానికి పగులు వచ్చింది. ఆవిరి తగ్గితే వేగం తగ్గుతుంది. విమానం పైకి లేవటానికి ఎదురుగాలి కావాలి, ఓడ వేగంగా పోతేనే ఆ గాలి పుడుతుంది. ఓడ నిండా విమానాలున్నా పగిలిన ఒక్క బాయిలరు వాటన్నిటినీ ఓడమీదే కూర్చోబెట్టగలదు. ఇంజనీర్లు నడుం కట్టి, జాగ్రత్తలు తీసుకుని, తక్కువ వేగంతోనే దాన్ని బంగాళాఖాతంలో నడిపించారు. ఆ డిసెంబరులో దాని విమానాలు కాక్స్‌బజారు, చిట్టగాంగుల మీద దాడి చేశాయి. విశాఖపట్నం వెళ్ళినప్పుడు సముద్రం చూసి వచ్చే మీరు ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

అంగడి మూసేశారు

మళ్ళీ మన కథకు వద్దాం. ఆగస్టులో మూడు ఠాణాలు పోయాక ప్రభుత్వం మేలుకొంది. తుపాకులున్న ఠాణా అంటే సీతారామరాజుకు తెరిచిన అంగడి అని వాళ్ళకు అర్థమైంది. అక్టోబరు 15న ఆయన అడ్డతీగల వెళ్ళాడు, 19న రంపచోడవరం వెళ్ళాడు. జనం ఆయనకు జేజేలు పలికారు. కాని చెప్పుకోదగ్గ ఆయుధాలు దొరకలేదు. పోలీసులు ముందే జాగ్రత్తపడ్డారు.

ముందే ఎలా తెలిసిందంటారా? సీతారామరాజు తాను వచ్చే సంగతి ముందుగా కబురు పెట్టేవాడని చెబుతారు. ఉత్తరానికి మిరపకాయలు కట్టి పంపేవారట. మిరపకాయ టపా అని దానికి పేరు. ఇది నన్ను చాలాకాలంగా వేధిస్తున్న ప్రశ్న. కబురు పెట్టకుండా వెళ్ళివుంటే అడ్డతీగలలో ఇంకో పది తుపాకులు, ఇంకో వెయ్యి తూటాలు దొరికేవి కావా? సరుకు లెక్క మాత్రమే తెలిసినవాడు అది తప్పంటాడు. మా తరగతిలో ఒక ఆడపిల్ల ఒప్పుకోలేదు. "చెప్పి వచ్చాడు కాబట్టే కదా మాస్టారూ, ఊళ్ళవాళ్ళు ఆయనకి అన్నం పెట్టారు? దొంగకి ఎవరు పెడతారు?" అంది. ఆ దళానికి జీతం లేదు, వంటశాల లేదు. ఊళ్ళు పెట్టిన అన్నంతోనే 624 రోజులు నడిచింది. నా గుణకారంలో నేను వేయని నాలుగో అంకెను ఆ పిల్ల వేసింది.

డిసెంబరు 6 తర్వాత దళం మునుపటి జోరుతో ఠాణాల మీదికి పోలేకపోయింది. మలబారు పోలీసులు వచ్చారు. 1924 జనవరిలో అస్సాం రైఫిల్స్ దిగారు. వాళ్ళు కొండల్లో తిరగటం అలవాటున్నవాళ్ళు. దారులు కాపలా కాశారు, ఊళ్ళకూ దళానికీ మధ్య రాకపోకలు తెంచారు, అన్నం పెట్టినవారిని శిక్షించారు. తుపాకులతో సాధించలేనిది అన్నం దారి మూయటంతో సాధించారు. మే 7న సీతారామరాజును మంప దగ్గర పట్టుకుని, కొయ్యూరు తీసుకువెళ్ళి, విచారణ లేకుండా కాల్చి చంపారు. సమాధి కృష్ణదేవిపేటలో వుంది. ఈ తిరుగుబాటును అణచటానికి ప్రభుత్వానికి 40 లక్షల రూపాయలు ఖర్చయిందని చరిత్రకారులు రాస్తారు. అదంతా 1922 నాటి రూపాయలు! మూడు ఠాణాల నుంచి రెండు కావిళ్ళలో మోసుకొచ్చిన సరుకుకు ఎదురుగా పెట్టిన డబ్బు అది.

అరకు, పాడేరు, చింతపల్లి, కొయ్యూరు వున్న ఈ కొండలకు 2022లో ఆయన పేరుతోనే జిల్లా ఏర్పడింది. మా కుర్రవాడు సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు చింతపల్లిలో ఆ పాత ఠాణా ఎక్కడుందో అడిగి చూసి వచ్చాడు. "మాస్టారూ, ఎంత చిన్నదో!" అన్నాడు.

మీకొక లెక్క

ఒక కొండ ఠాణాలో 40 తుపాకులున్నాయి. పదింట ఎనిమిది పనిచేస్తాయి. మనుషుల్లో పదింట ఏడుగురు ఆరోగ్యంగా వున్నారు. తూటాలకు లోటు లేదు. చేతిలో వున్న డబ్బు ఈ మూడింటిలో ఏదో ఒక్కదానికే చాలుతుంది: (1) కొత్తవి 5 తుపాకులు కొనటం, (2) మరమ్మతు చేయించి పదింట తొమ్మిది పనిచేసేట్టు చూడటం, (3) మందులు తెప్పించి పదింట తొమ్మిదిమంది ఆరోగ్యంగా వుండేట్టు చూడటం. మీరైతే ఏది చేస్తారు? మొదటి రెండింటి జవాబులు పోల్చి చూసి, అక్కడ ఏం కనబడిందో కూడా రాయండి. ఆ తర్వాత, వానాకాలం ఇంకా రెండు నెలలుందనుకుని, మళ్ళీ ఆలోచించండి.